నేలవేము ప్రాజెక్టు: ఉంచాలా, మార్చాలా?

బ్రాడీపేట ఫార్మా:
ఎం.ఫార్మసీ రెండో ఏడు, గుంటూరు. జ్వరం వస్తే మా అమ్మమ్మ నేలవేము కాచి పోసేది. ఆ చేదు మధ్యాహ్నం అన్నంలో కూడా తగిలేది. పట్టుబట్టి దాని మీదే మలేరియా ప్రాజెక్టు పెట్టుకున్నాను. మిథనాల్‌తో సారం తీస్తే నల్లపచ్చని బంక వచ్చింది. మలేరియా పరాన్నజీవి ఫాల్సిపారం మీద పరీక్షకు పంపితే అది చచ్చింది గానీ, మలేరియా మందు క్లోరోక్విన్ ముందు దిగదుడుపే. "ఆకులూ అలములూ వదిలెయ్, సింథటిక్ చెయ్" అంటున్నారు సీనియర్లు. ఉన్నది నాలుగు నెలలు. టెన్షన్‌గా ఉంది. మార్చేయమంటారా?

పటమట మాస్టారు:
మార్చకు బాబూ. ముప్పై ఏళ్ళు ఫార్మకాగ్నసీ, అంటే మొక్కల మందుల శాస్త్రం, చెప్పి రిటైరయ్యాను, ఈ తగువు ప్రతి బ్యాచ్‌లోనూ విన్నాను. నీ బంకలో ఎన్నెన్నో పదార్థాలుంటాయి. దాన్ని శుద్ధమైన క్లోరోక్విన్ పక్కన నిలబెడితే ఓడిపోక ఏం చేస్తుంది? సిలికా జెల్ గొట్టంలోంచి, అదే కాలమ్ వేసి విడదీయి, ఏ భాగం చంపుతోందో చూడు.

మొక్కలోంచి మలేరియా మందు తీసిన చైనా శాస్త్రవేత్త తు యూయూ సంగతి చదివే ఉంటావు. ఆవిడ వాడింది మన మాచిపత్రి, దవనం జాతి మొక్కే. పాత చైనా గ్రంథంలో నీళ్ళలో నానబెట్టి పిండమని ఉంది, కాచమని లేదు. ఆవిడ ఆ ముక్క పట్టుకుని, 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌తో సారం తీసింది. 1971లో ఎలుకల్లో పనిచేసింది. 2015లో నోబెల్ వచ్చింది. తీరా చూస్తే ఆ సారంలో దొరికిన మందు ఆర్టెమిసినిన్ నీళ్ళలోనూ సరిగ్గా కరగదు, నూనెలోనూ కరగదు. దాన్ని కాస్త మార్చి మన లక్నోలోని ప్రభుత్వ మందుల పరిశోధన సంస్థ సీడీఆర్‌ఐ వాళ్ళు ఆర్టీఈథర్ ఇంజెక్షన్ చేశారు. 2012లో మన దేశంలో వచ్చిన మలేరియా మందు ఆర్టెరోలేన్ పూర్తిగా ల్యాబ్‌లో కట్టిందే, కానీ పరాన్నజీవిని చంపే పెరాక్సైడ్ బంధం ఆలోచన మొక్కదే. ఇక చెట్టేది, సింథటిక్కేది?

సరేగానీ, మనిషి కణాల మీద పరీక్ష చేయించావా? బ్లీచింగ్ పౌడరు కూడా పరాన్నజీవిని చంపుతుంది.

కృష్ణలంక అమ్మ:
మీ చదువులు నాకు తెలియవు. మా వాడికి వైవాక్స్ మలేరియా వస్తే ప్రిమాక్విన్ 14 రోజులు రాశారు. జ్వరం పోయిందని ఐదు రోజులకే ఆపేశాడు. రెండు నెలలకి మళ్ళీ వణుకు. స్ట్రిప్పు ఫ్రిజ్ మీదే ఉంది, తొమ్మిది మాత్రలతో. ఒక్క మాత్రతో అయ్యేది కనిపెట్టండయ్యా.

పటమట మాస్టారు:
ఒక్క మోతాదుతో అయ్యే టాఫెనోక్విన్ ఉందమ్మా, 2018లో అమెరికాలో అనుమతిచ్చారు. కానీ ముందు జీ సిక్స్ పీడీ అనే ఎంజైము పరీక్ష తప్పదు, ఆ ఎంజైము తక్కువున్నవాళ్ళకి ఎర్రకణాలు పగిలిపోతాయి. వైవాక్స్ కాలేయంలో నక్కి కూర్చుంటుంది, అందుకే తిరగబెడుతుంది. బాబూ, నువ్వు చూసింది రక్తంలో ఉన్నదాన్నే. థీసిస్‌లో ఆ మాట దాచకు.

బ్రాడీపేట ఫార్మా:
మనిషి కణాల మీద చేయించలేదు సార్. సోమవారం గైడ్‌ని అడుగుతాను. కాలమ్‌కి సిలికా జెల్ అరడబ్బానే మిగిలింది, అదీ అడగాలి.