తెగిన వేలు అతికించాక మూలికల మందు కూడా ఇవ్వాలా? చైనా పద్ధతి మీద చర్చ

వుహాన్_బ్యాచ్: నేను ఎంబీబీఎస్ చైనాలో చదివాను. అక్కడ తెగిన వేలు కుట్టాక హెపారిన్ లాంటి ఇంగ్లీషు మందులతో పాటు దాన్షెన్ అనే వేరు నుంచి తీసిన ఇంజెక్షన్ కూడా వాడతారు, రక్తం గడ్డకట్టకుండా ఉంటుందని. కాలివేళ్లు కుళ్లితే నాలుగు మూలికల కషాయం. మన దగ్గర కూడా రెండూ కలిపితే తప్పేంటి?

కత్తిగాటు: మిల్లీమీటరు మందం కూడా ఉండని రక్తనాళాన్ని మైక్రోస్కోపు కింద కుట్టిన సర్జన్ వల్ల వేలు బతుకుతుంది. 1963లో షాంఘై ఆరో పీపుల్స్ ఆస్పత్రిలో చెన్ జోంగ్‌వే టీమ్ పూర్తిగా తెగిన చేతిని అతికించింది, 1965లో జపాన్‌లో కొమట్సు, తమాయ్ బొటనవేలు అతికించారు. అదంతా సూదీ దారం పని. పేరు మాత్రం ఆ దాన్షెన్ వేరుకా? పైగా రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వాడేవాళ్లకి దాన్షెన్ ఇస్తే రక్తస్రావం పెరుగుతుంది.

పొలంగట్టు: పుత్తూరు కట్టుని కూడా ఇలాగే తీసిపారేశారు. మా ఊరంతా ఇప్పటికీ అక్కడికే పోతుంది.

కత్తిగాటు: అది విరిగిన ఎముకకి. ఇక్కడ మాట తెగిన రక్తనాళం గురించి. దాన్షెన్ సంగతి చెప్పండి.

వుహాన్_బ్యాచ్: జలగల సంగతి చెప్పండి మరి! అతికించిన వేల్లోంచి రక్తం వెనక్కి పోక నీలంగా ఉబ్బితే జలగ పట్టిస్తారు, అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 2004లో ఒప్పుకుంది. సుశ్రుతుడు ఎప్పుడో రాసిన వైద్యం కాదా? చైనాలోని టియాంజిన్‌లో ఫాంగ్ షియాన్‌జీ లాంటి ఇంగ్లీషు వైద్యం చదివిన సర్జన్లే పాత చెక్కబద్దల కట్టుని నేర్చుకుని ఎక్స్‌రేతో కలిపి ఎముకలు అతికించారు. నేర్చుకుంటే చిన్నతనమా?

కత్తిగాటు: జలగలో పనిచేసేది రక్తం గడ్డకట్టనివ్వని హిరుడిన్ అనే పదార్థం అని తెలుసు, దాని కడుపులోని ఏరోమోనాస్ బాక్టీరియా ఇన్‌ఫెక్షన్ తెస్తుందనీ తెలుసు, అందుకే ముందే యాంటీబయాటిక్ వేస్తాం. దాన్షెన్‌ని కూడా అలా నిలబెట్టి చూపించండి, వాడతాం. ఇక కషాయం అంటారా, కాలివేలు కుళ్లి తగ్గకపోతే వెంటనే నరికేయండి, లేకపోతే మనిషి చస్తాడు అని చైనా వాళ్ల పాత గ్రంథం లింగ్‌షూలోనే ఉంది.

లేత్_మెషిన్: నాది ఆటోనగర్. మెషిన్లో పడి చూపుడువేలు పై కణుపు తెగిపోయింది. ముక్కని ఐసులో వేసి తీసుకెళ్లాం. డ్యూటీ డాక్టరు కవరు విప్పి చూసి, ఒక్క మాట అడగకుండా పక్కన పడేసి, మిగిలిన వేలి మొదలు కుట్టేశాడు.

కత్తిగాటు: నేరుగా ఐసులో వేస్తే కణాలు దెబ్బతింటాయి. అతకడం కష్టం. ఆయన చేసింది కరెక్టే.

లేత్_మెషిన్: కరెక్టే, కరెక్టే! మీకు అదొక్కటే కావాలి. అతికించే చోటు ఇంకోటి ఉందా, ఎంతవుతుంది, ఎంతసేపట్లో వెళ్లాలి, ఇవేవీ నాకు చెప్పలేదు సార్. పనోడికి ఒక కణుపు పోతే ఏంలే అనుకున్నారు. నేను కొలత తిప్పేది ఆ వేలితోనే. తర్వాత ఆకుపసరు కట్టే పెద్దాయన దగ్గరికి వెళ్తే రోజూ కట్టు విప్పి, వాసన చూసి, నొప్పి ఎక్కడుందో అడిగేవాడు. మందు పనిచేసిందో లేదో నాకు తెలీదు, జనం అక్కడికి ఎందుకు పోతారో మాత్రం తెలిసింది.

మిర్చియార్డు: ఇదీ అసలు గొడవ.

కత్తిగాటు: అడగకపోవడం తప్పే, ఒప్పుకుంటాను. దానికి మందు కషాయం కాదు. మీ షెడ్డులో అందరికీ చెప్పండి: ముక్కని సెలైన్‌లో తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టి, ఆ కవర్ని ఐసు మీద ఉంచాలి. అలా చల్లగా ఉంచితే సుమారు 24 గంటల దాకా, ఊరికే ఉంచితే 12 గంటల దాకా అతికించే వీలుంటుంది. పసరు రాయొద్దు, గాయమైన మనిషికి సిగరెట్ ఇవ్వొద్దు.

లేత్_మెషిన్: చెబుతాను. ముక్క సరిగ్గానే తెస్తాం. తెచ్చాక అతికించే వీలుందో లేదో మాతో మాట్లాడేదెవరు?

వుహాన్_బ్యాచ్: నేను మొదట్నుంచీ అంటున్నది అదే కదా, రెండు రకాల డాక్టర్లూ ఒకే వార్డులో ఉంటే...

కత్తిగాటు: కాదు. ఆయన అడిగింది అది కాదు.