రూట్ 66 పాత బోర్డు గీకుతున్నాం, సీసం సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

నమస్కారం అండి. మేం ఇల్లినాయిస్‌లోని బ్లూమింగ్టన్‌లో ఉంటాం. 1926లో షికాగో నుంచి లాస్ ఏంజెలెస్ దాకా నంబరిచ్చిన పాత రూట్ 66 రోడ్డు మా ఊరి మీదుగానే పోయేది. పెద్ద హైవేలు వచ్చాక 1985లో ఆ నంబరు తీసేశారు. దారి పక్కన మిగిలిన బంకులు, బోర్డులు బాగుచేసే వాలంటీర్లతో పోయిన నెల నుంచి నేనూ వెళ్తున్నాను. ఓడెల్ అనే ఊళ్లో 1932 నాటి స్టాండర్డ్ ఆయిల్ బంకు చూశాకే ఈ పిచ్చి పట్టింది. చిన్న ఇల్లులా ఎంత ముద్దుగా ఉంటుందో!

ఇప్పుడు మా చేతికి ఒక రేకు బోర్డు వచ్చింది. పొర మీద పొర, నాలుగైదు రంగులు. అడుగు పొర కచ్చితంగా 1978కి ముందుదే, అంటే ఇక్కడ ఇళ్ల రంగుల్లో సీసం (లెడ్, ఒంటికి విషం) నిషేధించక ముందుది. పదేళ్ల మా అబ్బాయి నేనూ గీకుతానంటున్నాడు, మా ఆవిడకేమో టెన్షన్. పొడిగా శాండ్ పేపర్‌తో రుద్దకూడదు, తడిపి గీకాలని తెలుసు. మరి మాస్కు ఏ రకం కావాలి? సీసం ఉందో లేదో చూసుకోడానికి షాపుల్లో అమ్మే టెస్ట్ కిట్‌ని నమ్మొచ్చా? బట్టలు విడిగా ఉతికితే చాలా?

ఇంకోటి. రంగుల కింద పాత అక్షరాలు లీలగా కనిపిస్తున్నాయి. మావాళ్లలో సగం మంది కొత్తగా మెరిసేలా వేసేద్దాం అంటారు. నాకైతే ఆ వెలిసిపోయిన అక్షరాలే ప్రాణం. వాటిని చెడగొట్టకుండా తుప్పు ఆపే దారి ఉందా? సైన్‌బోర్డుల పని, పెయింట్ల పని తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. వచ్చే శనివారం మళ్లీ వెళ్తున్నాం. అబ్బాయిని ఈసారికి దూరం నుంచి ఫోటోలు తీయడానికి ఒప్పించాను.