వీడియో ఆపితే క్యాప్షన్ కూడా ఆగాలి, పవర్‌పాయింట్‌లో ఎలా?

మొలకల టీచర్:

అందరికీ నమస్కారం. చిక్కుడు గింజ మొలకెత్తే వీడియో ఒకటి స్లైడ్‌లో పెట్టాను. రోజుల తరబడి జరిగేదాన్ని 2 నిమిషాల 10 సెకన్లకు కుదించిన వీడియో అది. వేరు బయటికి రాగానే పక్కన "ప్రథమ మూలం" అని రావాలి, కాండం కొక్కెంలా వంగి మట్టిని చీల్చుకుంటూ లేచేటప్పుడు ఇంకో మాట, గింజలోని రెండు బద్దలు విడిపోయేటప్పుడు "బీజదళాలు" అని, అలా మొత్తం ఆరు. ప్రతి టెక్స్ట్ బాక్స్‌కీ ఫేడ్ (మెల్లగా కనిపించే ఎఫెక్ట్) పెట్టి, స్టార్ట్ దగ్గర విత్ ప్రీవియస్ ఎంచుకుని, డిలేలో 14, 31 అంటూ సెకన్లు లెక్కేసి ఇచ్చాను. ఇంట్లో రెండు మూడు సార్లు వేసి చూస్తే చక్కగా ఉంది.

క్లాసులో ఒక అబ్బాయి ప్రశ్న అడిగాడు, వీడియో ఆపి జవాబు చెబుతున్నాను, ఈలోపు మాటలు మాత్రం వాటి పాటికి అవి వచ్చేస్తున్నాయి. తెర మీద ఇంకా వేరే కనిపిస్తోంది, పక్కన బీజదళాలు అని పడింది. మా క్లాసులో వినికిడి సమస్య ఉన్న అమ్మాయి ఒకరు ఉన్నారు, నేను నోటితో చెప్పేది సగమే అందుతుంది, తెర మీది రాతే తనకు ఆధారం. తను వేరు బొమ్మ గీసుకుని దాని పక్కన బీజదళాలు అని రాసుకుంది. ఆ నోట్‌బుక్ చూసినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. వీడియో ఎక్కడ ఆగితే మాట కూడా అక్కడే ఆగేలా చేయడం కుదురుతుందా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

స్లైడ్ల పని:

కుదురుతుంది మేడం. మీరు ఇచ్చిన డిలే స్లైడ్ గడియారం ప్రకారం నడుస్తుంది, వీడియోతో దానికి సంబంధమే లేదు, అందుకే వీడియో ఆగినా లెక్క ఆగలేదు. మీకు కావాల్సింది బుక్‌మార్క్, అంటే వీడియోలో ఒక క్షణం దగ్గర పెట్టుకునే గుర్తు. ఇది పవర్‌పాయింట్ 2010 నుంచి ఉంది.

వీడియోని ఎంచుకుని ఎడిట్ చేసే తెరలోనే ప్లే చేయండి, వేరు బయటికి వచ్చే చోట ఆపండి, ప్లేబ్యాక్ ట్యాబ్‌లో యాడ్ బుక్‌మార్క్ నొక్కండి. కింద బార్ మీద చిన్న చుక్క పడుతుంది. సరిగ్గా ఆ క్షణం దొరక్కపోతే బార్ పక్కనే పావు సెకను ముందుకీ వెనక్కీ జరిపే బటన్లు ఉంటాయి, వాటితో జరుపుకుని అప్పుడు పెట్టండి. ఆరు చోట్లా ఇలాగే. తర్వాత మొదటి టెక్స్ట్ బాక్స్‌ని ఎంచుకుని, మీరు ఇచ్చిన డిలే సున్నా చేసి, యానిమేషన్స్ ట్యాబ్‌లో ట్రిగ్గర్, అందులో ఆన్ బుక్‌మార్క్, అక్కడ బుక్‌మార్క్ 1. అంతే, ఇక వీడియో ఆ చుక్క దాటితేనే మాట వస్తుంది, మీరు పది నిమిషాలు ఆపి మాట్లాడినా అది కదలదు.

ఒక్కటి చూసుకోండి, వీడియో ఫైల్ మీ కంప్యూటర్‌లోంచి పెట్టినదై ఉండాలి. యూట్యూబ్ లింక్‌తో పెట్టిన ఆన్‌లైన్ వీడియోకి బుక్‌మార్క్‌లు పడవు.

ఎడిటింగ్ బల్ల:

నన్నడిగితే ఇంత శ్రమ ఎందుకండి, ఏదైనా వీడియో ఎడిటర్‌లో మాటల్ని వీడియో మీదే వేసేసి ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. ఏ కంప్యూటర్‌లో వేసినా ఒకేలా కనిపిస్తుంది, ఫాంట్ గొడవ కూడా ఉండదు.

స్లైడ్ల పని:

అది ఒకే పాఠం, ఒకే భాష, మళ్లీ ముట్టుకోము అనుకుంటే మంచి దారే. కానీ ఒక్క అక్షరం తప్పు దొర్లినా మొత్తం మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయాలి. టీచర్లు ప్రతి ఏడూ పాఠం మారుస్తూనే ఉంటారు, స్లైడ్‌లో ఉంటే అర నిమిషంలో దిద్దుకోవచ్చు. నేనైతే స్లైడ్‌లోనే ఉంచుతాను.

మొలకల టీచర్:

చాలా చాలా థాంక్స్ అండి! మాటలు వీడియోతో పాటే ఆగుతున్నాయి. కానీ ఇప్పుడు పాత మాట పోవడం లేదు, ఒకదాని మీద ఒకటి పేరుకుంటున్నాయి. పోయేలా ఫేడ్ ఎగ్జిట్ పెడితే అసలు మాట రావడమే మానేసింది. ఇంకోటి, వీడియో ఆపుదామని నొక్కితే ఒక్కోసారి తర్వాతి స్లైడ్‌కి వెళ్లిపోతోంది, క్లాసులో అలా అయితే నాకు టెన్షన్.

స్లైడ్ల పని:

మొదటిది చాలామందికి జరిగేదే. పైన వరుసగా కనిపించే ఎఫెక్ట్‌ల పెట్టెలోంచి ఎంచుకుంటే పాత ఎఫెక్ట్ తీసేసి కొత్తది పెడుతుంది. మీ ఫేడ్ ఎంట్రన్స్, అంటే మాట వచ్చే ఎఫెక్ట్, అలాగే పోయింది. రెండోది చేర్చాలంటే దాని పక్కనున్న యాడ్ యానిమేషన్ బటన్‌లోంచే తీసుకోవాలి. మొదటి మాట ఎగ్జిట్‌ని బుక్‌మార్క్ 2కి కట్టండి, రెండో మాట ఎంట్రన్స్ కూడా అదే బుక్‌మార్క్ 2కి. యానిమేషన్ పేన్ తెరిస్తే రెండూ ఒకే ట్రిగ్గర్ కింద కనబడతాయి, కింద ఉన్నదానికి విత్ ప్రీవియస్ ఇవ్వండి, పాతది పోతూ కొత్తది వస్తుంది.

రెండోదానికి కారణం మీ టెక్స్ట్ బాక్స్‌లే అయ్యుండాలి. వీడియో మీద పెట్టారు కదా, ఆపుదామని నొక్కినప్పుడు దెబ్బ వీడియోకి కాకుండా బాక్స్‌కి తగిలితే స్లైడ్ ముందుకు పోతుంది. ట్రాన్సిషన్స్ ట్యాబ్‌లో ఆన్ మౌస్ క్లిక్ దగ్గర టిక్ తీసేయండి. ఆపడానికి మౌస్ వాడకండి, ఆల్ట్ నొక్కి పట్టుకుని పీ కొట్టండి, ఆగుతుంది, మళ్లీ కొడితే నడుస్తుంది.

సబ్‌టైటిల్ రాసేవాణ్ణి:

మేడం, ఆ అమ్మాయి గురించి చదివాక ఒక మాట చెప్పాలనిపించింది. భాగాల పేర్లకి బుక్‌మార్క్ సరైనదే. కానీ వీడియోలో వెనక ఎవరైనా మాట్లాడుతుంటే ఆ మాటలన్నిటికీ టెక్స్ట్ బాక్స్‌లు పెట్టుకుంటూ కూర్చోవద్దు. దానికి వేరే దారి ఉంది, ప్లేబ్యాక్ ట్యాబ్‌లోనే ఇన్‌సర్ట్ క్యాప్షన్స్ అని, పవర్‌పాయింట్ 2019లోనూ మైక్రోసాఫ్ట్ 365లోనూ ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో క్యాప్షన్ల ఫైల్ రాసుకోవాలి. మొదటి లైన్‌లో వెబ్‌వీటీటీ అని ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో ఖాళీ లేకుండా (WEBVTT), తర్వాత ఒక లైన్ వదిలి, సమయం ఇలా:

00:00:14.000 --> 00:00:18.500
గింజ పొట్టు పగిలి వేరు కిందికి దిగుతోంది

మిల్లీసెకన్ల ముందు చుక్కే ఉండాలి, కామా పెడితే అది ఎస్ఆర్‌టీ అనే ఇంకో రకం సబ్‌టైటిల్ ఫైల్ పద్ధతి, ఇక్కడ నడవదు. సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఎంచుకోండి, లేకపోతే తెలుగు అక్షరాల చోట పిచ్చి గుర్తులు వస్తాయి. ఫైల్ పేరు చివర వీటీటీ (.vtt) ఉండాలి.

ఇంకోటి, మాటలు అక్షరం అక్షరంగా వచ్చే ఎఫెక్ట్ పెట్టొద్దు, వేగంగా చదవాల్సిన పిల్లలకి అది అడ్డం. మొత్తం మాట ఒకేసారి రావాలి. రెండు లైన్లు ఉంటే లైన్ల మధ్య ఎడం కాస్త పెంచండి, తెలుగులో పై లైన్ ఒత్తులూ కింది లైన్ గుడులూ ఇరుక్కుపోతాయి. "స్త్రీ" లాంటి మాట ఒకటి టైప్ చేసి వెనక బెంచీ దగ్గర నిలబడి చూడండి, తెలిసిపోతుంది. వీడియో మీద తెల్ల అక్షరాలైతే వెనక నల్ల పట్టీ వేయండి.

మొలకల టీచర్:

అన్నీ చేశాను. ఎగ్జిట్‌లు సరిపోయాయి, ఆల్ట్, పీ అలవాటైపోయింది. మా వీడియోలో వెనక ఎవరూ మాట్లాడరు కాబట్టి వీటీటీ తర్వాతి పాఠానికి వాడతాను, అందులో వివరణ చాలా ఉంది. ఈరోజు ఖాళీ పీరియడ్‌లో ఆ అమ్మాయిని కూర్చోబెట్టి వేసి చూపించాను, మధ్యలో నాలుగు సార్లు కావాలనే ఆపాను. ఒక్క మాట తోసుకురాలేదు. తను పాత నోట్స్ తీసి బీజదళాలు కొట్టేసి దిద్దుకుంది. ఆఖరి మాట మాత్రం ఆకులు పూర్తిగా విచ్చుకోకముందే వస్తోందని తనే చూపించింది, నిజమే, ఆ బుక్‌మార్క్ తీసేసి అర సెకను తర్వాత పెట్టాలి. రేపు పొద్దున ఆ పని.