అచ్చంపేట దగ్గర ఊళ్లో నాయిన, ఉప్పల్‌లో నేను: షుగర్ వైద్యం అక్కడే సాగే దారి ఉందా?

ప్రశ్న: నల్లమల_అంచు

నాయినకు 68 ఏళ్లు, అమ్మకు 61. అచ్చంపేట అవతల ఊళ్లో ఉంటరు. నాయినకు షుగర్, బీపీ ఉన్నయి. హైదరాబాద్ డాక్టర్ రాసిచ్చిన మందులే నడుస్తున్నయి: గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన గోలీ, పొద్దున, రాత్రి 30/70 ఇన్సులిన్, బీపీకి టెల్మిసార్టన్ 40. అమ్మకు బీపీ ఒక్కటే, అమ్లోడిపిన్ 5 వేసుకుంటది.

పీహెచ్‌సీ ఊరికి 9 కిలోమీటర్లు. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. మధ్యల పోవాలంటే ఆటో మాట్లాడుకోవాలె. అందుకే చిన్నదానికి ఆర్‌ఎంపీ, పెద్దదానికి ఎంజీబీఎస్ బస్సు, అంతే నడుస్తున్నది. ఊరి దగ్గరే మందులు, రక్తపరీక్షలు దొరికే దారి ఉందా? సర్కారు ఇన్సులిన్ ఇస్తే తీసుకోవచ్చా? ఆరోగ్యశ్రీ అవసరం పడితే చేతిల ఏమేం ఉండాలె? నాయినకు వేలిముద్రలు పడవు, రేషన్ కూడా అమ్మ వేలు పెట్టే తెస్తది.

ఇంకొకటి. నాయిన కుడికాలి బొటనవేలి కింద చిన్న పుండు ఉంది. నొప్పి లేదంటడు. ఆర్‌ఎంపీ కట్టు కడుతున్నడు.

జవాబు: కట్టు_గది

చివర్లో రాసిన పుండు సంగతి ముందు చూడండి. మిగతావి వారం ఆగినా నష్టం లేదు, ఇది ఆగదు.

నొప్పి లేకపోవడం ఇక్కడ మంచి గుర్తు కాదు. షుగర్ వల్ల పాదం నరాలు మొద్దుబారాయన్నమాట. బొటనవేలి కింద నడిచేటప్పుడు బరువంతా పడే చోటు ఒకటి ఉంటుంది. అక్కడ ముందు ఆనె కడుతుంది, ఆ ఆనె కింద లోపల్లోపల చర్మం చితికి పుండవుతుంది. పైకి పప్పుగింజంత కనబడుతుంది, లోపల ఎంత ఉందో కట్టు కట్టే మనిషికి తెలియదు. నొప్పి లేదు కాబట్టి ఆయన చేనుకు వెళ్తూనే ఉంటారు, వేసిన ప్రతి అడుగూ పుండును మళ్లీ నలుపుతుంది. రోజూ కట్టు మార్చినా మానకపోవడానికి సగం కారణం ఇదే.

సర్జన్ చేయాల్సిన పనులు మూడు. చుట్టూ ఉన్న ఆనెను, చచ్చిన చర్మాన్ని కోసేయాలి. శుభ్రమైన సన్నని ప్రోబ్‌తో (లోతు కొలిచే లోహపు పుల్లతో) లోతు చూడాలి, దానికి ఎముక గట్టిగా తగిలితే ఇన్‌ఫెక్షన్ ఎముకదాకా వెళ్లిందని అనుమానించాలి. పాదం ఎక్స్‌రే తీయాలి. ఎముకలో మార్పు ఎక్స్‌రేలో కనబడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. కాబట్టి మొదటి ఎక్స్‌రే బాగుందని నిశ్చింతగా ఉండకండి, పుండు తగ్గకపోతే మళ్లీ తీయించండి. వీటికి హైదరాబాద్ దాకా రానక్కర్లేదు. నాగర్‌కర్నూల్‌లో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది, దాని ఆసుపత్రిలో సర్జరీ ఓపీ ఉంటుంది. ఓపీ చీటీలు పొద్దున్నే రాస్తారు, ఊరి నుంచి మొదటి బస్సు తప్పితే ఆ రోజు పోయినట్టే.

పాదం చల్లబడినా, వేలు నల్లబడినా, పాదం మీద నాడి అందకపోయినా రక్తనాళం మూసుకుందేమో చూడాలి. అప్పుడు వాస్క్యులర్ సర్జన్ కావాలి, హైదరాబాద్‌లో నిమ్స్ లాంటి పెద్దాసుపత్రికి రావాల్సిందే. పుండు వాసన, ఎరుపు పైకి పాకడం, పాదం వాపు, చలిజ్వరం, ఏ కారణమూ లేకుండా షుగర్ ఒక్కసారిగా పెరగడం: వీటిలో ఏది కనబడినా అదే రోజు కదలండి, మర్నాటి బస్సు కోసం చూడొద్దు.

అప్పటిదాకా నార్మల్ సెలైన్‌తో కడిగి, స్టెరైల్ గాజ్ గుడ్డ పెట్టి, వదులుగా కట్టు కట్టాలి. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్, పసుపు, ఆకుపసరు వద్దు. క్యాప్సూల్ విప్పి పొడి చల్లడం పల్లెల్లో బాగా అలవాటు, అదీ వద్దు. అది పైన అట్టలా కట్టి చీమును లోపలే ఉంచేస్తుంది. వేడినీళ్లలో కాలు పెట్టనివ్వకండి, మొద్దుబారిన కాలికి బొబ్బలెక్కేదాకా తెలియదు. మెత్తటి ఎంసీఆర్ (మెత్తని రబ్బరు అడుగు ఉన్న) చెప్పులు, మడమ వెనక పట్టీ ఉన్నవి, ఇంట్లో కూడా వేసుకోవాలి. పుండు మానేదాకా చేను పని బంద్.

జవాబు: మందుల_చీటీ

మందుల గురించి. పీహెచ్‌సీలో, చాలా సబ్‌సెంటర్లలో, పల్లె దవాఖానల్లో (డాక్టర్ సేవలు అందే సబ్‌సెంటర్లలో) షుగర్, బీపీ మందులు ఉచితంగా ఇస్తారు. అయితే ప్రైవేటు డాక్టర్ రాసిన కలిపిన గోలీ అక్కడ చాలాసార్లు దొరకదు, విడివిడిగా మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ ఇస్తారు. ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది. పేర్లు వేరు, రంగులు వేరు కాబట్టి ఇవి వేరే మందులనుకుని పాత గోలీ, కొత్త గోలీ రెండూ వేసుకుంటారు. గ్లిమిపిరైడ్ రెండింతలు పడుతుంది, పైన ఇన్సులిన్ ఉండనే ఉంది. రాత్రి చెమటలు పట్టడం, మాట తడబడటం, పొద్దున లేవలేకపోవడం చూసి పక్షవాతమనుకుంటారు. కొత్త మందులు తెచ్చిన రోజే పాత పట్టీలన్నీ ఇంట్లోంచి తీసేయించండి. ఏది ఆపాలో, ఏది ఉంచాలో పీహెచ్‌సీ డాక్టర్‌తోనే చీటీ మీద రాయించండి.

షుగర్ పడిపోయి స్పృహలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. తేరుకున్నాక అన్నం పెట్టాలి. గ్లిమిపిరైడ్ వల్ల పడిన షుగర్ ఒకసారి లేచి మళ్లీ పడుతుంది కాబట్టి ఆ రోజంతా కనిపెట్టుకుని ఉండాలి, ఆసుపత్రిలో చూపించడం మేలు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కు ఫోన్ చేయాలి.

ఇన్సులిన్ తప్పకుండా తీసుకోవచ్చు. కానీ సిరంజి చూసుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎక్కువగా ఇచ్చేది మిల్లీలీటరుకు 40 యూనిట్ల వయల్ (సీసా). దానికి ఎర్రమూత సిరంజి, మీద యూ-40 అని ఉంటుంది. పెన్ను కార్ట్రిడ్జ్‌లు, కొన్ని వయల్స్ 100 యూనిట్లవి. యూ-100 సిరంజికి నారింజరంగు మూత. 40 వయల్‌ను నారింజమూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే, షుగర్ ఎందుకు తగ్గట్లేదో ఎవరికీ అంతుపట్టదు. అదే 100 వయల్‌ను ఎర్రమూత సిరంజితో 20 దాకా లాగితే 50 యూనిట్లు పడుతుంది, అది ప్రాణం తీసే మోతాదు. వయల్ మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటే ఉన్నాయా అన్నది అమ్మకు నేర్పండి. ఇప్పుడు పెన్ను వాడుతుంటే, వయల్‌కు మారిన మొదటిసారి సబ్‌సెంటర్ నర్సు (ఏఎన్ఎం) ఎదుటే తీసి చూపించమనండి.

30/70 పాలలా ఉండే మందు. వాడేముందు అరచేతుల మధ్య నెమ్మదిగా దొర్లించాలి, గట్టిగా ఊపొద్దు. వాడుతున్న సీసా బయట నాలుగు వారాలు ఉండొచ్చు, కానీ మన ఎండాకాలం రేకుల ఇంట్లో కాదు. ఫ్రిజ్ లేకపోతే పెద్ద కుండలో తడి ఇసుక పోసి, దానిలో చిన్న కుండ పెట్టి, సీసాను నీళ్లు తగలకుండా డబ్బాలో వేసి ఆ చిన్న కుండలో ఉంచాలి. ఇసుక ఆరనివ్వకూడదు. ఫ్రిజ్ ఉంటే తలుపు అరలో పెట్టండి, ఐస్ పట్టే చోట వద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనబడొచ్చు, కానీ దాని పనితనాన్ని నమ్మలేం, వాడొద్దు. కలిపాక కూడా గోడకు పలుకులు అంటుకుని ఉంటే పారేయాలి.

ఆర్‌ఎంపీని దూరం పెట్టమని చెప్పను, అర్ధరాత్రి తలుపు కొడితే వచ్చే మనిషి ఆయనే. బీపీ, షుగర్ చూసి నోట్‌బుక్‌లో రాయమనండి. రెండు మాత్రం ఖరాఖండిగా వద్దని చెప్పండి. ఒంటినొప్పులకు డైక్లోఫెనాక్ సూది వద్దు, టెల్మిసార్టన్ వాడే షుగర్ మనిషికి అది కిడ్నీ మీద దెబ్బ. డెక్సా లాంటి స్టెరాయిడ్ సూది వద్దు. వేసిన పూట హాయిగా ఉంటుంది, షుగర్ మాత్రం రెండు మూడు రోజులు చేతికి చిక్కదు. పుండు ఉన్న మనిషికి అది అసలు పనికిరాదు.

జవాబు: మిత్ర_డెస్క్

పరీక్షలు, కాగితాల సంగతి నేను చెప్తాను.

ముందు ఆశా కార్యకర్తతో మాట్లాడి ఇద్దరి పేర్లూ షుగర్, బీపీ రిజిస్టర్‌లో ఎక్కించండి. రిజిస్టర్‌లో పేరుంటేనే పై నుంచి మందులు తెప్పించే ఇండెంట్‌లో మీవాళ్ల లెక్క పడుతుంది. పేరు లేకుండా వెళ్లినవాళ్లకు స్టాక్ లేదన్న మాట ఎక్కువగా వినబడేది ఇందుకే. సబ్‌సెంటర్ పల్లె దవాఖాన అయి ఉంటే అక్కడి నుంచే వీడియోలో డాక్టర్‌తో మాట్లాడిస్తారు, మందుల మోతాదు మార్చడానికి అది చాలు.

రక్తపరీక్షలు తెలంగాణ డయాగ్నస్టిక్స్ అనే సర్కారు ఉచిత పరీక్షల పథకం కింద పీహెచ్‌సీలోనే. అక్కడ రక్తం తీసి జిల్లా హబ్‌కు (పెద్ద ల్యాబ్‌కు) పంపుతారు, రిపోర్ట్ ఫోన్‌కు వస్తుంది. మీ నంబర్ ఇస్తే ఉప్పల్‌లో కూర్చునే చూసుకోవచ్చు. శాంపిల్ బండి ఏ టైమ్‌కు వస్తుందో ముందే కనుక్కోండి, అది వెళ్లిపోయాక తీసిన రక్తం మర్నాటిదాకా ఆగుతుంది. షుగర్‌కు బూడిదరంగు మూత ట్యూబ్ వాడాలి. వేరే ట్యూబ్‌లో గంటలు గడిస్తే రక్తకణాలే చక్కెరను తినేసి, రిపోర్ట్‌లో షుగర్ అసలు కంటే తక్కువ కనబడుతుంది. దారి కుదుపులకు ఎర్రకణాలు పగిలితే పొటాషియం లేనిది ఉన్నట్టు ఎక్కువ చూపిస్తుంది. టెల్మిసార్టన్ వాడేవాళ్లకు పొటాషియం నిజంగానే పెరగొచ్చు కాబట్టి తీసిపారేయొద్దు, అదే రోజు ఈసీజీ తీయించి, రక్తం మళ్లీ ఇవ్వండి. మీ నాయనకు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) మూడు నెలలకోసారి, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ఆల్బుమిన్ డాక్టర్ చెప్పిన గడువుకు చేయించండి. పరగడుపున వెళ్లే రోజు గోలీ, ఇన్సులిన్ ఇంట్లో వేసుకుని బయల్దేరకూడదు. రెండూ, తినే డబ్బా వెంట పెట్టుకుని, రక్తం ఇచ్చాక అక్కడే వేసుకుని తినాలి.

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. అది ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి, నెలనెలా మందులకు కాదు. ఆహార భద్రత కార్డులో, ఆధార్‌లో నాయన పేరు, వయసు ఒక్కలాగే ఉన్నాయా ఇప్పుడే చూడండి. ఒకదానిలో మల్లయ్య, ఇంకోదానిలో మల్లేశం అని ఉంటే బెడ్ మీద మనిషిని పెట్టుకుని మీసేవకు పరుగెత్తాల్సి వస్తుంది. వేలిముద్రలు పడని వాళ్లకు కళ్లు, ఓటీపీ దారులు ఉన్నాయి. ఆధార్ కేంద్రంలో కళ్లతో సహా బయోమెట్రిక్ మళ్లీ ఇప్పించండి. శుక్లాలు ముదిరితే కంటి స్కాన్ కూడా పడకపోవచ్చు, అందుకే ఓటీపీ వచ్చేలా ఆధార్‌కు ఎక్కించిన ఫోన్ నంబర్ ముఖ్యం. పాత నంబర్ ఎప్పుడో రద్దయి ఉంటుంది, ఎవరూ చూసుకోరు. ఆసుపత్రికి వెంట వెళ్లే మనిషి చేతిలో ఉండే ఫోన్ నంబర్ ఎక్కించండి.

ఆసుపత్రిలో చేరగానే ఆరోగ్యమిత్ర డెస్క్‌కు (ఆరోగ్యశ్రీ పనులు చూసే సహాయకుల దగ్గరికి) వెళ్లండి. డబ్బు కట్టేశాక కార్డు చూపిస్తే వెనక్కి రావడం చాలా కష్టం. అనుమతి వచ్చాక పరీక్షలకు, మందులకు విడిగా అడిగితే కట్టకుండా 104 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి చెప్పండి. డిశ్చార్జి తర్వాత పది రోజుల మందులు కూడా ప్యాకేజీలోవే, అడిగి తీసుకోండి. డిశ్చార్జి సమ్మరీ లేకుండా బయటికి రాకండి. ఊరి పీహెచ్‌సీ డాక్టర్‌కు హైదరాబాద్‌లో ఏం జరిగిందో తెలిసేది ఆ కాగితం వల్లే.

ప్రశ్న: నల్లమల_అంచు

అందరికీ దండాలు. నాయినను రేపు మొదటి బస్సుకే నాగర్‌కర్నూల్ తీస్కపొమ్మని తమ్మునికి చెప్పిన. సిరంజి మూత ఏ రంగో అమ్మను అడిగితే నారింజ అన్నది, వయల్ మీద 40 ఉందట. ఇప్పుడు ఎర్రమూత తెప్పించి అదే గీతకు లాగమని చెప్పాలె గదా?

జవాబు: మందుల_చీటీ

ఒక్కసారిగా అలా మార్చకండి. నారింజ సిరంజితో ఇన్నాళ్లూ వెళ్తున్నది చీటీలో రాసినదాంట్లో రెండున్నర వంతుల్లో ఒక వంతే. గోలీల మోతాదు ఆ తక్కువ ఇన్సులిన్‌ను చూసే పెంచి ఉండొచ్చు. రేపటి నుంచి పూర్తి మోతాదు పడితే రాత్రికి షుగర్ పడిపోతుంది. ఈ రాత్రికి ఎప్పుడూ లాగే గీతకే, పాత సిరంజితోనే వేయనివ్వండి. వయల్, సిరంజి, గోలీల పట్టీలు అన్నీ సంచిలో వేసి రేపు తమ్ముడితో పంపండి, సర్జరీ ఓపీ అయ్యాక మెడిసిన్ ఓపీలో చూపించి కొత్త మోతాదు యూనిట్లలో రాయించమనండి. పుండు ఉంది కాబట్టి అక్కడే చేర్చుకుంటామంటే ఒప్పుకోండి, రోజూ షుగర్ చూస్తూ మోతాదు సరిచేయడానికి అదే మంచిది.