లోజ్బాన్‌లో నాలుగు మాటలు మాట్లాడాలంటే 1,300 పదాలూ రావాలా?

నిదానం:
తెలియనివారికి: లోజ్బాన్ అంటే 1955లో మొదలైన లోగ్లాన్ నుంచి 1987లో విడిపోయిన తార్కిక కృత్రిమ భాష. దాని ధాతువులను గిస్ములంటారు. రోజుకు పది చొప్పున నాలుగున్నర నెలల్లో 1,300 పైచిలుకు కంఠతా పట్టాను. నిన్న ఒక విదేశీ మిత్రుడు ఫోనులో ఇవాళ్టి విశేషాలు అడిగితే నోరు పెగల్లేదు. చివరికి 'కుక్క వెళ్లింది' అనబోయి 'లె గెర్కు క్లామా' అన్నాను. మధ్యలో 'షు' మరిచాను. అది లేకపోతే 'కుక్క మాదిరి వెళ్లేది' అన్న పదబంధమే తప్ప వాక్యం కాదు. మిగతాది చెబుతానని ఆయన ఎదురుచూశాడు. నేనూ ఎదురుచూశాను. ముందు పదాలన్నీ రావాలన్నవారు ఇప్పుడేమంటారు?

గట్టుమీదికాకి:
అన్నది నేనే, ఇప్పుడూ అంటాను. మీరు పట్టింది అర్థాలు, పదాలు కాదు. క్లామాకు ఐదు గదులుంటాయి: వెళ్లేవారు, చేరే చోటు, బయలుదేరిన చోటు, దారి, వాహనం. 'వెళ్లు' అని ఒక్క ముక్క రాసుకుంటే ఐదో వంతే వచ్చినట్టు. పైగా గిస్ములను హిందీతో కలిపి ఆరు పెద్ద భాషల ధ్వనులను కంప్యూటర్‌తో కలగలిపి చేశారు. మమ్తా అంటే అమ్మ అని మనం పోల్చుకుంటాం సరే, మిగతావాటికి బట్టీ తప్పదు.

పెరటితోట:
కాకి గారూ, క్లామా నాలుగో గది, ఐదో గది మీరు ఎన్నిసార్లు నింపారు? 'బడికి, ఇంటినుంచి, బస్సులో' అని మనకు ప్రత్యయాలు చేసే పనిని అక్కడ వరుసక్రమం చేస్తుంది, అంతే. మొదటి రెండు మూడు గదులు, ఓ మూడు వందల గిస్ములు, చిన్న పదాలు యాభై ఉంటే కబుర్లకు సరిపోతాయి.

నిజానికి మనకు కొన్ని ఊరికే వస్తాయి. మిహో అంటే మనిద్దరం, మిహా అంటే మేము. 'ఖు దో క్లామా' అంటే వెళ్తావా, 'దో ఖు క్లామా' అంటే నువ్వా వెళ్లేది. మన ప్రశ్నార్థక 'ఆ' లాగే ఏ మాట మీద సందేహమో 'ఖు' దాని వెనకే చేరుతుంది. విన్న సంగతికి 'తిహె' తగిలిస్తారు, అచ్చం మన 'అట'. ఇవి వదిలేసి ఎవరైనా ముందు 1,300 ధాతువులతో కుస్తీ పడతారా?

గట్టుమీదికాకి:
తెలుగుతో పోల్చుకుంటూ పోతే తెలుగులో అనుకుని అటు మార్చడం అలవాటవుతుంది. 'మి క్లామా' అంటే వెళ్లాను, వెళ్తున్నాను, వెళ్తాను, ఏదైనా కావచ్చు. కాలం చెప్పకపోయినా తప్పు లేదు. మనకేమో కాలం తేలనిదే క్రియ పూర్తి కాదు. నిదానం గారి నోరు అక్కడే ఆగింది. ఇక మూడు వందలంటారా, మాట్లాడేటప్పుడు పదాలు మీ ఇష్టం. వినేటప్పుడు ఎదుటివారి ఇష్టం కదండీ!

పెరటితోట:
అందుకే 'కిహా' ఉంది. అర్థం కాని మాటను తిరిగి పలికి దాని వెనక కిహా అంటే చాలు, ఎదుటివారు విడమరుస్తారు. మొదటి రోజే నేర్చుకోవలసింది అది.

నిదానం:
రెండు రోజుల తర్వాత మళ్లీ మాట్లాడాను. ఇరవై నిమిషాలు. పద్నాలుగు సార్లు కిహా అన్నాను, పక్కన కాగితం మీద గీతలు పెట్టుకున్నాను. తొమ్మిదింట అది నాకు వచ్చిన పదమే. రాసి చూపిస్తే క్షణంలో చెప్పేవాడిని, చెవికి అందలేదు. 'షు' మాత్రం ఈసారి ఒక్కసారే మరిచాను.

గట్టుమీదికాకి:
మిగతా ఐదు?

నిదానం:
గిస్ములను కుదించి అతికించిన సమాసాలు. విడదీయడం చేతకాలేదు. ఆ ఐదూ మీ ఖాతాలో వేసుకోండి.