కూలింగ్ వెస్ట్ తడిపి వేసుకున్నా చల్లబడటం లేదు, పొరపాటు ఎక్కడ?

దారిన పోయేవాడు:
నాలుగు గంటలుగా దీని గురించే వెతుకుతున్నాను, సూటి జవాబు ఎక్కడా దొరకలేదు. ఎండల్లో బైకు మీద దూరం వెళ్లాల్సి ఉండటంతో, నీళ్లలో నానబెట్టి తొడుక్కునే కూలింగ్ వెస్ట్ ఒకటి కొన్నాను. సూచనల్లో ఉన్నట్టే పది నిమిషాలు నానబెట్టి, పిండి, రైడింగ్ జాకెట్ లోపల వేసుకున్నాను. మొదటి పావుగంట హాయిగానే ఉంది, ఆ తరువాత దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టినట్టు అయింది. పెట్టె మీదేమో గంటల తరబడి చల్లగా ఉంటుందని రాశారు. ఇప్పటికి రెండు సార్లు వడదెబ్బ తగిలి దారిలో ఆగిపోయాను. ఇది అసలు పనిచేసే వస్తువేనా?

ముల్లు:
విప్పినప్పుడు వెస్ట్ తడిగా ఉందా, ఆరిపోయిందా?

పాత బండి:
వెస్ట్ సంగతి తరువాత చూద్దాం, ముందు మీరు ఏం తాగుతున్నారో చెప్పండి. చెమటతో నీరే కాదు, ఉప్పు కూడా పోతుంది. దాహం వేసినప్పుడల్లా ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వికారం మొదలవుతాయి. వాటిని ఎండ వల్ల వచ్చినవనుకుని జనం ఇంకా నీళ్లు తాగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన ఓఆర్‌ఎస్ పాళ్లలో లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటాయి. నేను ఆ పొట్లాలు లేకుండా బండి తీయను.

ఉష్ణమాపకం:
ఆ పాళ్లు విరేచనాలతో నీరసించిన వారి కోసం నిర్ణయించినవి, బైకు నడిపేవారి కోసం కాదు. ఇక ప్రశ్న వేసిన వారికి ఒక మాట: మీకు తగిలింది వడదెబ్బ అయి ఉండదు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి, మాట తడబడి, మనిషి అయోమయంలో పడటం వడదెబ్బ. అది ఆసుపత్రికి పరుగెత్తాల్సిన స్థితి. నీడన కూర్చుని నీళ్లు తాగితే తేరుకున్నారంటే అది ఎండ వల్ల వచ్చిన నీరసం మాత్రమే.

పాత బండి:
ఎండకు కళ్లు తిరిగి కూలబడితే మా ఇంట్లో అందరూ వడదెబ్బ అనే అంటారండీ. డిగ్రీలు కొలిచాక పేరు పెట్టాలంటే ఎలా?

ఉష్ణమాపకం:
పేరు ఒకటే అయితే, నిజంగా ప్రాణం మీదికి వచ్చిన రోజున కూడా నీడన కూర్చోబెట్టి సరిపెడతారు. నా అభ్యంతరమల్లా అదే.

దారిన పోయేవాడు:
అయ్యా, నేను వెస్ట్ గురించి అడిగాను. ఏ పేరుతో పిలిచినా సరే, అది మళ్లీ రాకుండా ఏం చేయాలో చెప్పండి.

ముల్లు:
తడిగా ఉందా, ఆరిందా?

దారిన పోయేవాడు:
తడిగానే ఉంది. గంట తరువాత విప్పినా పిండితే నీళ్లు కారాయి. నీరు అంతసేపు నిలిచిందంటే నాణ్యత బాగున్నట్టే కదా?

ఉష్ణమాపకం:
అక్కడే పొరబడ్డారు. ఆ వెస్ట్ తనంతట తాను చల్లదనాన్ని పుట్టించదు. లీటరు నీరు ఆవిరి కావాలంటే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి, అందులో కొంత మీ ఒంటి నుంచి పోవడమే మీరు కోరుకునే చల్లదనం. నీరు ఆవిరి కాలేదంటే వేడి ఎక్కడికీ పోలేదు. దీనికి గాలి కదలిక ఎంత ముఖ్యమో, గాలి పొడిగా ఉండటమూ అంతే ముఖ్యం: 40 డిగ్రీల ఎండలో గాలి తేమ 20 శాతమే ఉంటే తడి గుడ్డ దాదాపు 23 డిగ్రీలకు దిగగలదు, 34 డిగ్రీలే ఉన్నా తేమ 80 శాతం ఉంటే 31 దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఉక్కపోత రోజుల్లో ఈ వెస్ట్ కేవలం బరువు. అలాగని పొడి ఎండలో జాకెట్ పూర్తిగా తెరిచి నడపడమూ మంచిది కాదు. గాలి వేడి చర్మం వేడిని, అంటే సుమారు 35 డిగ్రీలను, బాగా దాటాక ఎదురుగాలి మనల్ని ఇంకా వేడెక్కిస్తుంది, చెమటనూ వెస్ట్‌లోని నీటినీ త్వరగా పీల్చేస్తుంది. అప్పుడు జాకెట్ మూసి, మెడ దగ్గరా చేతుల దగ్గరా కాస్త గాలి ఆడేలా వదిలితే చాలు. మీ దగ్గర గాలి ఎలా ఉంది? జాకెట్ ఏ రకం?

దారిన పోయేవాడు:
పొడి గాలే, ఉక్క లేదు. మెష్ జాకెట్, జిప్పులన్నీ తెరిచే ఉంచాను. వాన వస్తుందేమోనని లోపలి రెయిన్ లైనర్ మాత్రం తీయలేదు.

ముల్లు:
అదే కారణం. తీసేయండి.

ఉష్ణమాపకం:
ఈ ముక్క మొదటే చెప్పి ఉంటే ఇంత రాసే పని ఉండేది కాదు. రెయిన్ లైనర్ గాలిని అసలు లోపలికి రానివ్వదు. మెష్ ఎంత పలచనిదైనా దాని వెనక మీరు ప్లాస్టిక్ సంచిలో కూర్చున్నట్టే.

దారిన పోయేవాడు:
లైనర్ ఉంటే ఏమవుతుందిలే అనుకున్నాను. రేపు తీసి చూస్తాను. ధన్యవాదాలు.

పాత బండి:
నీళ్లలో ఏం కలుపుకుంటున్నారో మాత్రం ఇంకా చెప్పలేదు.