ఈస్ట్ ఆఫ్రికాలో ఉమ్మడి పరిశీలన అయ్యాక మళ్లీ దేశానికో అప్లికేషన్ ఎందుకు?

ప్రశ్న (బాలానగర్_ఆర్ఏ)
నమస్తే అండీ. హైదరాబాద్‌లో ఓ చిన్న ఫార్మా కంపెనీలో, రెగ్యులేటరీ అఫైర్స్‌లో (మందులకి ప్రభుత్వ అనుమతులు తెచ్చే విభాగం) చేరి ఏడాదిన్నర. మలేరియా మాత్రకి ఈస్ట్ ఆఫ్రికన్ కమ్యూనిటీ (తూర్పు ఆఫ్రికా దేశాల కూటమి) ఉమ్మడి అసెస్‌మెంట్‌కి డోసియర్, అంటే మందు వివరాలన్నీ ఉన్న ఫైలు, వేశాం. మూడు రౌండ్ల క్వెరీలయ్యాక ఓకే అన్నారు. తీరా చూస్తే మళ్లీ ఒక్కో దేశానికీ అప్లికేషన్, ఫీజు! "ఈ ఉమ్మడి గోలంతా దండగ" అంటున్నారు మా బాస్. అసలు దీనివల్ల నకిలీ మందులు ఆగుతాయా?

జవాబు (దారెస్సలాం_ఫార్మసిస్ట్)
తమ్ముడూ, 2012లో ఇక్కడ టాంజానియాలోని అరూషాలో ఇది మొదలైనప్పుడు కలిపింది పరిశీలనని మాత్రమే. అనుమతి ఇచ్చే అధికారం ఏ దేశానిది ఆ దేశం దగ్గరే ఉండిపోయింది. అందుకే రెండోసారి ఫీజు. మీ బాస్ గారి బాధ న్యాయమైనదే.

కానీ నకిలీ సంగతి వేరు. నాసిరకం మందుని డోసియర్ దగ్గర పట్టుకోవచ్చు. నకిలీ మందు చేసేవాడు డోసియర్ వేయడు కదా! పదకొండేళ్లుగా ఇక్కడ డిస్ట్రిబ్యూటర్ దగ్గర చేస్తున్నా. ఒకసారి ఓ షాపు నుంచి మలేరియా మాత్రల స్ట్రిప్ వెనక్కొచ్చింది. రంగు, అక్షరాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అంచున బ్యాచ్ నంబరు మీద బొటనవేలితో రుద్దాను. సిరా వేలికి అంటుకుంది. అసలుదానికి ఆ నంబరు ఫాయిల్‌లోకి నొక్కి ఉంటుంది. కంపెనీకి ఫోన్ చేస్తే ఆ బ్యాచ్ మాది కాదన్నారు. ఇక్కడి అధికారులకి అప్పగించాం. మూడు వారాలకి అదే నంబరు సరిహద్దు అవతల కూడా దొరికింది. ఆ కబురు నాకు చేరింది ఓ స్నేహితుడి వాట్సాప్‌లో. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే. ఈలోగా ఎంతమంది పిల్లలకి వేశారో!

2022లో గాంబియా చూడండి. కలుషితమైన సిరప్‌లు తాగి 60 మందికి పైగా పిల్లలు పోయారు. ఆ మందు పరీక్షించడానికి సొంత ల్యాబ్ కూడా లేదు వాళ్లకి. ఉమ్మడి వ్యవస్థ కావాల్సింది అందుకు: ల్యాబ్ పంచుకోవడానికి, కబురు అదేరోజు అందడానికి.

జవాబు (ఆర్ఏ_సీనియర్)
అన్నగారి మాట నిజం. ఆఫ్రికా ఖండం మొత్తానికీ ఉమ్మడిగా పెట్టిన ఆఫ్రికన్ మెడిసిన్స్ ఏజెన్సీ ఒప్పందం 2021 నవంబరులో అమల్లోకి వచ్చింది, కేంద్రం రువాండాలోని కిగాలి. అదీ దేశాల అధికారాన్ని లాక్కోదు, కాబట్టి ఫీజులు ఇప్పట్లో తప్పవు.

మన వైపు నుంచి ఒకటి చేయొచ్చు. ఫాయిల్ మారిస్తే వేరియేషన్ (మార్పుకి అనుమతి అడిగే అప్లికేషన్) అన్ని దేశాల్లో ఒకేసారి వేయండి. ఒకచోట పాతది, ఒకచోట కొత్తది తిరుగుతుంటే అసలేదో నకిలీ ఏదో అక్కడి ఫార్మసిస్టుకి ఎలా తెలుస్తుంది?

బాలానగర్_ఆర్ఏ
ఇది చదివి వెంటనే ఫైల్ తెరిచా. గత వేసవిలో బ్యాచ్ నంబరు నొక్కడం మానేసి ఇంక్‌జెట్‌కి మారాం. టాంజానియాకి కొత్త ఆర్ట్‌వర్క్ (ప్యాకింగ్ డిజైన్) వెళ్లింది. ఉగాండాకి వేసిన కాగితాల సెట్‌లో ఇంకా పాత ఫాయిలే ఉంది. సోమవారం పొద్దున్నే దీని మీదే కూర్చుంటా. అన్నా, మీ దగ్గరికి వచ్చే మా స్ట్రిప్‌ల ఫొటో ఒకటి పంపగలరా?